మేకు తల కనబడాలి

గోడ అనేది మనుషుల్ని వాన నుంచి, చలి నుంచి కాపాడడానికి పుట్టిందని నమ్మే అమాయకులు ఇంకా అక్కడక్కడా మిగిలి ఉన్నారు. వాళ్లను తప్పు పట్టలేం. వాళ్లు ఇంతవరకూ గోడ పని పెట్టుకుని ఉండరు. పెట్టుకున్నవాళ్లకు తెలుసు: గోడ పుట్టింది తనిఖీ కోసం. దాని వెనక ఎవరైనా కాపురం ఉంటే, అది విభాగం వారు పెద్ద మనసుతో చూసీ చూడనట్టు వదిలేసిన సంగతి మాత్రమే.

(విభాగం అంటే బాహ్య కుడ్య పర్యవేక్షణ విభాగం. బయటి గోడల ఆఫీసు అని అడిగితే అక్కడ ఎవరూ తలెత్తరు.)

మాది చెక్క చట్రం మీద నిలబడిన ఇల్లు. పడమటి వైపు గోడకు బయట కొట్టిన పాత చెక్కలు నాని నాని, వేలితో నొక్కితే దిగబడే స్థితికి వచ్చాయి. ఆ గోడకు ఇవతల మా అత్తగారి గది. అత్తగారంటే మా ఆవిడ తల్లి. మాట ఎంత తేలిగ్గా వస్తుందో ఊపిరి అంత కష్టంగా వస్తుంది ఆవిడకు. ఉబ్బసం. డాక్టరు గారు వచ్చి, ఛాతీ మీద గొట్టం పెట్టి విని, ముందు ఆ గోడ సంగతి చూడమన్నాడు. వానలు పడేలోగా గది పొడిగా లేకపోతే ఆసుపత్రిలో మంచం వెతుక్కోవాలన్నాడు. అత్తగారికి ఆసుపత్రి పేరెత్తితే గిట్టదు. ఆ గది అంటే ప్రాణం. దాని కిటికీలోంచి వీధిలో ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారో, ఎవరు ఎవరితో మానేశారో మొత్తం కనబడుతుంది.

అందుకని పాత చెక్కలు పీకించి, పీచు కలిపిన సిమెంటు పలకలు వేయించాలని నిర్ణయించాం. జానెడు వెడల్పు, రెండు నిలువుల పొడవు ఉండే పలకలివి. పని పద్ధతి పసిపిల్లలకు కూడా అర్థమవుతుంది. నేలకు కాస్త ఎత్తులో మొదటి పలక పెట్టి, దాని పై అంచున మేకులు కొట్టాలి. రెండో పలక కింది అంచు ఆ మేకుల్ని కప్పేట్టు దాని మీదికి ఎక్కాలి. ఇలా చూరు దాకా పోతే, పై పలక మీద పడ్డ వాన కింది పలక మీదికి, అక్కణ్నుంచి నేల మీదికి జారిపోతుంది. పని పూర్తయ్యాక ఒక్క మేకు కూడా కంటికి ఆనదు. అదే ఈ పనిలో పనితనం అన్నాడు మా మేస్త్రి.

మేస్త్రి మంచివాడే. కాకపోతే రోజులో సగం, ఈ గోడకు ఇంతకుముందు పని చేసినవాణ్ని తిట్టడంతోనే గడిచిపోతుంది. (ఇంతకుముందు చేసింది కూడా అతనే. మొహమాటం కొద్దీ మేం గుర్తు చేయలేదు.) చెక్కలు పీకి, చట్రం మీద నీళ్లు దిగని పల్చటి తెల్ల కాగితం చుట్టి, పలకలు వేస్తూ వేస్తూ నడుమెత్తు దాకా లేపాడు. అప్పుడు వచ్చాడు పర్యవేక్షకుడు.

ఆయన మిట్టమధ్యాహ్నం, కళ్లు చెదిరే ఎండలో, టార్చిలైటు వెలిగించుకుని వచ్చాడు. అందువల్ల మా ఇంట్లో ఆయన పేరు టార్చి గారు అయింది. గోడ పొడుగునా వెలుగు కొట్టుకుంటూ ఆ చివరి నుంచి ఈ చివరికి నడిచి, మేకులేవి అని అడిగాడు. పలకల కింద ఉన్నాయన్నాం. ఎన్ని ఉన్నాయన్నాడు. ఉండవలసినన్ని అన్నాడు మేస్త్రి. టార్చి గారు టార్చి ఆర్పాడు. ఆయన టార్చి ఆర్పితే అది తిరస్కరణ అని మాకు తర్వాత తెలిసింది.

"కనబడని మేకు, కొట్టని మేకుతో సమానం," అన్నాడు.

ఇది ఆయన సొంత కవిత్వం కాదు, పదకొండో నిబంధన. దానికి చరిత్ర ఉంది. పూర్వం ఒకానొక ఇంటివారు మేకులు లేకుండా జిగురుతో పలకలు అంటించగా, అవి ఊడి ఒక స్కూటరు మీద పడ్డాయట. స్కూటర్లు చాలా ఉంటాయి. ఇది విభాగాధిపతిది. ఆ సాయంత్రమే నిబంధన తయారైంది. అప్పటి నుంచి నగరంలో ప్రతి మేకూ పర్యవేక్షకుడికి తల చూపించి తీరాలి.

మేస్త్రి పలకలన్నీ విప్పాడు. ఒక్కో పలక వేసి, టార్చి గారిని పిలిచి, మేకులు చూపించి, ఆ తర్వాతే పై పలక వేయాలని ఒప్పందానికి వచ్చాం. పిలవడానికి యాప్ ఉంది. పని పూర్తయిందా అని యాప్ అడుగుతుంది. పూర్తి కాలేదంటే, పూర్తయ్యాక రమ్మంటుంది. పూర్తయిందంటే, అయితే పై పలకలు ఎందుకు లేవంటుంది. మా ఆవిడ చాలాసేపు దానితో పోరాడి, 'ఇతరములు' అనే చోట 'పూర్తి కానిది పూర్తయింది' అని రాసింది. యాప్ వెంటనే ఒప్పుకుంది. మా ఆవిడకు ఆ ఆఫీసులో ఉద్యోగం వచ్చేదే, అడగలేదు గానీ.

ఈలోగా ఇంకో నిబంధన ఉందని తేలింది. తనిఖీ ధ్రువపత్రం లేని గోడ ఉన్న గదిలో ఎవరూ నిద్రపోకూడదు. (కూర్చోవచ్చు. కునుకు పడితే లేవాలి.) అత్తగారిని హాల్లో సోఫా మీదికి మార్చాం. సోఫా ఆవిడ కంటే పొట్టి. హాలు కిటికీలోంచి పక్కింటి నీళ్ల ట్యాంకు తప్ప ఏమీ కనబడదు. రెండు రోజులు ట్యాంకును చూసి, అది ఎవరితోనూ మాట్లాడటం లేదని నిర్ధారించుకుని, ఆవిడ నా మీద పడింది.

"అల్లుడు గారూ, నా గది నాకు ఎప్పుడిప్పిస్తారు?"

మేకుల తనిఖీ కాగానే అన్నాను. మేకులు వాళ్లు చూస్తారు సరే, మబ్బులు ఎవరు చూస్తారు అంది. నిజంగానే పడమట మబ్బులు పోగవుతున్నాయి. గోడకు చుట్టిన తెల్ల కాగితం గాలికి రాత్రంతా పటపట కొట్టుకుంటోంది. ఆ చప్పుడుకు తోడు హాల్లో దగ్గు. నాకు భయం వేసింది.

టార్చి గారు వచ్చి మొదటి పలక మేకులు చూసి, ఒక్కోదాని చుట్టూ సుద్దముక్కతో సున్నా చుట్టి వెళ్లాడు. రెండో పలక వేశాం. మళ్లీ వచ్చి, రెండో పలక మేకులు బాగున్నాయి, మొదటి పలక మేకులు ఏమయ్యాయి అన్నాడు. మీరే చూశారు కదా, సున్నాలు కూడా చుట్టారు అన్నాను. ఫైలు గోడకు గానీ పలకకు కాదనీ, గోడ మొత్తం మేకులు ఒకేసారి కనబడితే గానీ సంతకం పెట్టలేననీ చెప్పాడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనేవాళ్లను చాలామందిని చూశాను. నాలుగో కాలు ఒకసారి చూసి, సున్నా చుట్టి, మళ్లీ లేదన్నవాణ్ని మాత్రం ఈయన్నే చూశాను.

ఆఫీసుకు పోయాను. అక్కడ సూపరింటెండెంటు మేడమ్ ఉంది. చాలా మర్యాదస్తురాలు. కష్టమంతా విని, కుర్చీ చూపించి, అందులో కూర్చోకూడదని కూడా చెప్పింది. వచ్చే అధికారుల కోసమట. తర్వాత నిబంధనల పుస్తకం తిరగేసి, మేకులు కనబడాలని ఉంది గానీ పలకలు కింది నుంచే మొదలుపెట్టాలని ఎక్కడా లేదే అంది. అంత తేలిక దారి మాకెందుకు తోచలేదని జాలిపడింది.

ఇంటికొచ్చి మేస్త్రితో చెప్పాను. అతను ఒక పలక తీసి నిలబెట్టి, దాని కింది అంచు మీదికి ఇంకో పలక పై అంచును ఎక్కించి చూపించాడు. పై నుంచి మొదలుపెట్టి, ప్రతి కింది పలకా పై పలక మీదికి ఎక్కేట్టు వేస్తే, మేకులన్నీ బయటే ఉంటాయి.

"కానీ సార్, అప్పుడు ప్రతి అతుకూ నోరు తెరుచుకుని పైకి చూస్తుంది. వాన మొత్తం లోపలికే."

"మేకులు కనబడతాయా?"

"ఒక్కటి కూడా దాగదు."

ముందు నుయ్యి, వెనక గొయ్యి. ధ్రువపత్రం లేకపోతే అత్తగారికి గది లేదు, ఉంటే గోడ లేదు. ఒకసారి పత్రం చేతికొస్తే, ఆ మర్నాడే అన్నీ విప్పి సరిగ్గా వేయించుకుందామని నేనూ మా ఆవిడా గుసగుసలాడుకున్నాం. సోఫా మీద నుంచి అత్తగారు మొత్తం విన్నది. ఊపిరి ఆడకపోవచ్చు గానీ ఆవిడ చెవులకు ఏ జబ్బూ లేదు.

"బుద్ధున్నవాడెవడైనా గొడుగు తిరగేసి పట్టుకుంటాడా?" అంది.

గొడుగుకు తనిఖీ లేదు కాబట్టి మనం దాన్ని ఇష్టమొచ్చినట్టు పట్టుకోగలుగుతున్నామని వివరించాను. ఆవిడ అటు తిరిగి పడుకుంది.

గోడ తలకిందులుగా లేచింది, కాదు, దిగింది. టార్చి గారు వచ్చి చూసి, ముఖం వెలిగిపోయి నిలబడిపోయాడు. చూరు నుంచి నేల దాకా మేకులు వరసలు వరసలుగా, ఎండలో తళతళలాడుతున్నాయి. ప్రతి మేకు మీదా టార్చి కొట్టాడు. కొన్నిటిని ఆప్యాయంగా తట్టాడు. ఇన్నేళ్ల ఉద్యోగంలో ఇంత దాపరికం లేని గోడను చూడలేదన్నాడు. అక్కడికక్కడే సంతకం పెట్టి, ప్లాస్టిక్ అతికించిన ధ్రువపత్రం ఇచ్చి, ఫోటోలు తీసుకుని పోయాడు. మేం అత్తగారి మంచం గదిలోకి మార్చాం. ఆవిడ కిటికీ తెరిచి, వీధిలో మూడు సంసారాల సంగతులు ఒక్క పూటలో సరిచూసుకుంది.

మర్నాడు మేస్త్రి నిచ్చెన వేస్తుండగా ఆఫీసు నుంచి మనుషులు దిగారు. మా గోడను ఆదర్శ కుడ్యంగా ప్రకటించారట. దాని పక్కన ఒక బోర్డు పాతారు. ఆదర్శ కుడ్యాన్ని విప్పడం, మార్చడం, కప్పడం నేరమని బోర్డు మీదే ఉంది. చుట్టుపక్కల వీధుల నుంచి జనం వచ్చి చూసి, తమ మేస్త్రులకు ఫోన్లు చేయడం మొదలుపెట్టారు.

మూడో రోజు వాన వచ్చింది.

ఆ గోడ ఒక్క చుక్క వృథా పోనివ్వలేదు. ప్రతి అతుకూ తన వాటా పట్టుకుని, పల్చటి కాగితం సందుల్లోంచి లోపలికి చేరవేసింది. అత్తగారి పరుపు తడిసింది, దిండు తడిసింది, ఆవిడ లేచి కూర్చుని ఈలలు వేసే ఊపిరితో గోడను చూస్తూ ఉండిపోయింది. మా ఆవిడ ఏడ్చింది. నేను టార్పాలిన్ తెచ్చి బయట గోడ మీద కప్పాను. ఆదర్శ కుడ్యం చూడడానికి వచ్చిన ఎవరో యాప్‌లో ఫిర్యాదు పెట్టారు. గంటలో ఆఫీసు వాళ్లు వచ్చి తీయించారు. మేకులు కనబడటం లేదట. కావాలంటే గది లోపల కట్టుకోవచ్చన్నారు, లోపల మేకులు లేవు కనుక. లోపలే, మంచం మీద, దోమతెర కట్టినట్టు కట్టాం.

నేనూ ఫిర్యాదు పెట్టాను. టార్చి గారు తేమ కొలిచే చిన్న యంత్రంతో వచ్చాడు. గదిలో తేమ చాలా ఉందని ఒప్పుకున్నాడు. మనిషి న్యాయంగా మాట్లాడతాడు. అయితే బయటి గోడకు ధ్రువపత్రం ఉంది కాబట్టి నీళ్లు బయటి నుంచి రావడం సాధ్యం కాదు, లోపలి నుంచే పుడుతున్నాయి అన్నాడు. పుట్టిన చోటు కోసం వెతికాడు. మంచినీళ్ల చెంబు చూశాడు. డాక్టరు చెప్పిన ఆవిరి పట్టే గిన్నె చూశాడు. చివరికి యంత్రాన్ని అత్తగారి ముఖం దగ్గర పెట్టాడు. ఆవిడ దగ్గింది. యంత్రంలో ముల్లు ఒక్కసారి లేచింది.

నివేదికలో ఆయన ఇలా రాశాడు: తేమకు మూలం నివాసి ఉచ్ఛ్వాస నిశ్వాసాలు. గోడ శ్రేయస్సు దృష్ట్యా సదరు నివాసిని గది నుంచి తరలించవలెను.

నాకు ఒళ్లు మండిపోయింది. చేతికి సుత్తి దొరికితే ఆ ఆదర్శాన్ని అక్కడే పొడి చేసేవాణ్ని. సుత్తి మేస్త్రి దగ్గర ఉంది, మేస్త్రి పక్క వీధిలో ఇంకో ఆదర్శ కుడ్యం వేస్తున్నాడు. అత్తగారు మాత్రం అరవలేదు. టార్పాలిన్ కింద నుంచి టార్చి గారిని తేరిపార చూసి, ఆగి ఆగి అడిగింది.

"నేను ఊపిరి పీల్చడం ఆపేస్తే గోడ బాగుపడుతుందా, బాబూ?"

ఆయన ఆలోచించాడు. ఖచ్చితంగా చెప్పలేననీ, ఆ తర్వాత ఒకసారి తనిఖీ చేస్తే గానీ తెలియదనీ నిజాయితీగా చెప్పాడు.

అత్తగారు మళ్లీ సోఫా మీదికి వచ్చింది. గదికి తాళం వేశాం. ధ్రువపత్రం ఆ తలుపు మీదే వేలాడుతోంది. ప్లాస్టిక్ అతికించడం వల్ల దానికి చెమ్మ తగలలేదు. ఆసుపత్రిలో మంచం కోసం డాక్టరు గారు పేరు రాయించాడు. నిన్న యాప్ నుంచి సందేశం వచ్చింది. మీ గోడ కులాసాగా ఉందా అని అడిగింది. హాల్లోంచి దగ్గు వినబడుతోంది. జవాబు చెప్పడానికి కింద 'ఉంది' అనే మీట ఒక్కటే ఉంది. నొక్కాను.