గుమ్మడివలస అర్జీలోంచి దిగిన ముసలమ్మ

స్కాన్ చేసిన పాత కాగితాల్లోంచి అందులోని మనుషులు దిగి బయటికి రావడం జిల్లా పాత రికార్డుల ఆఫీసులో మామూలే. దిగినవాళ్లకి మంచినీళ్లివ్వాలని సర్క్యులర్ కూడా ఉంది. చరిత్ర అసలు కాగితాలు చూపించే చెప్పాలని పైవాళ్లు హుకుం వేశాక, సోషల్ టీచరు పైడితల్లి తన తొమ్మిదో తరగతిని అక్కడికే తీసుకెళ్లింది.

ఆ రోజు స్కానింగుకి వచ్చింది గుమ్మడివలస అర్జీ. రిజర్వాయరులో ములిగిపోకముందు ఆ ఊరివాళ్లు ‘మమ్మల్ని ముంచకండి’ అని పెట్టుకున్నది. మిషను వెలుగు ఇలా పాకిందో లేదో, గదంతా తడిమట్టి వాసన కమ్మేసింది. అడుగున వేలిముద్రల్లోంచి ఒక ముసలమ్మ, పొలంగట్టు దిగినంత తేలిగ్గా బల్ల మీదికి దిగింది. చేతులకి ఇంకా నారుమడి బురద. ఇన్నేళ్లూ పైడితల్లి గైడు చూసి అప్పజెప్పిన చరిత్ర, ఇదిగో, కళ్లెదురుగా కుచ్చిళ్లు దులుపుకుంటోంది.

“ఏటమ్మా, కలెక్టరు దొర జవాబిచ్చినాడేటి?” అంది ముసలమ్మ.

పిల్లలు టీచరు వైపు చూశారు, టీచరు కాగితం వైపు చూసింది.

“పోన్లే. నా పేరు అసిరమ్మ. అదన్నా రాసుకున్నారా?”

కంప్యూటర్లో అసిరమ్మ లేదు. సంతకం చెయ్యని ప్రతివాళ్లకీ పేరు గడిలో ‘వేలిముద్ర’ అనే ఎక్కించారు. ఊరు ఊరంతా ఒకటే పేరు. పేరు దొరకనివాళ్లు ఆఫీసు మూసేలోగా కాగితంలోకి వెళ్లిపోవాలి. మళ్లీ దిగడానికి లేదు.

“పేరు మారిస్తే పోలా?” అంది పైడితల్లి.

“ఆవిడ సంతకం కావాలండి,” అన్నాడు ఆపరేటరు జోగారావు.

“సంతకం రాకే కదయ్యా వేలేసింది!”

“రూలు మేడమ్. పోనీ, ఉద్యోగస్తుల సాక్ష్యం ఉంటే సరిపోద్ది. ఇక్కడ వేలు పెట్టండి.”

రోజూ బళ్లో హాజరుకి పెట్టే వేలే. పెట్టింది. తెర మీద పడింది: ‘ఉద్యోగి పేరు: వేలిముద్ర.’

“బళ్ల డేటా కూడా ఇందులోనే కలిపేశారండి,” అన్నాడు జోగారావు, ఆవులిస్తూ.

అసిరమ్మ టీచరు బొటనవేలు పట్టుకుని తిప్పి చూసింది. “ఓలమ్మో! నువ్వూ మా ఊరిదానివేనేటే!” అని మురిసిపోతూనే, ఆఫీసు మూసే వేళవడంతో కాగితంలోకి ఎక్కేసింది.

మర్నాడు పొద్దున్న పైడితల్లి ట్యాబు తెరిచి హాజరు పిలిచింది.

“వేలిముద్ర!”

“ప్రెజెంట్ టీచర్!” క్లాసంతా ఒక్కసారిగా లేచింది.

ఆబ్సెంటు ఒక్కరూ లేరు. గడప దాటి రిజర్వాయరు నీళ్లు బెంచీల కిందికి చేరుతున్నాయి. పిల్లలు కాళ్లు పైకి ముడుచుకుని పుస్తకాలు తెరిచారు.