దొన్నెడు కన్నీళ్లు

ఒక పెద్ద అడవిలో జబ్బులకు కొదవ లేదు గానీ వైద్యులకు మాత్రం కరువే. ఉన్నది ఒక్కటే వైద్య కళాశాల. ఏటా పది సీట్లు, పదివేల దరఖాస్తులు.

ప్రిన్సిపాల్ ఏనుగుగారికి ఒకరోజు స్నానం చేస్తుండగా ఆలోచన వచ్చింది. వైద్యుడికి ముందు ఉండాల్సింది మనసు. మనసున్నవాడు ఏడుస్తాడు. కాబట్టి బాగా ఏడ్చేవాడే మంచి వైద్యుడు. ఇంత తేలిక సంగతి ఇన్నాళ్లూ ఎవరికీ తట్టనందుకు ఆయన అడవి మీద జాలిపడ్డారు.

వెంటనే కొత్త నిబంధన వచ్చింది. వైద్యం అందక తమ ఇంట్లో ఎవరు పోయారో అభ్యర్థి చెప్పాలి. చెబుతూ మోదుగాకు దొన్నె నిండా ఏడవాలి. కన్నీళ్ల సంగతి బాగా తెలిసినదని మొసలిని పరీక్షాధికారిగా వేశారు. ఆ నియామకాన్ని ఎవరూ తప్పుపట్టలేదు. అనుభవం అలాంటిది మరి.

ముళ్లపంది పిల్ల సూదిమణికి చిన్నప్పటి నుంచీ వైద్యమంటే పిచ్చి. కిందటి వానాకాలం అమ్మమ్మ కాలికి సెగగడ్డ లేచి ఒళ్లు కాలిపోతుంటే, తన ముల్లే ఒకటి పీకి, గడ్డ చిదిమి, గాయపాకు పసరు పిండి కట్టు కట్టింది. పదోరోజుకి అమ్మమ్మ లేచి పొరుగింటితో తగువుకి వెళ్లింది.

సూదిమణి పరీక్షకి వెళ్లింది.

“మీ ఇంట్లో ఎవరు పోయారు?” అంది మొసలి.

“ఎవరూ పోలేదండి. మా అమ్మమ్మ పోబోతుంటే నేనే...”

“పోయిందా, లేదా?”

“లేదండి. గేటు బయటే ఉంది. క్యారేజీ తెచ్చింది.”

మొసలి దొన్నె వంచి చూసింది. పొడిగా ఉంది. “పాపం,” అని నిట్టూర్చి, “నెక్స్ట్!” అంది.

వారానికి టేకాకు మీద ఉత్తరం వచ్చింది. ‘మీ దరఖాస్తును ఎంతో సానుభూతితో పరిశీలించాం. మీ ఇంట విషాదం చాలనందుకు చింతిస్తున్నాం. మీ భవిష్యత్తు ఉజ్జ్వలంగా ఉండాలని ఆశిస్తున్నాం.’

సూదిమణి మూడు రోజులు అన్నం ముట్టలేదు. తనకి చేతకాదంటే ఊరుకునేది. చేతనైనందుకు వద్దన్నారు, అదే దాని బాధ. పట్టడానికి దొన్నె లేదు గానీ రెండు దొన్నెలకి సరిపడా ఏడ్చింది.

పరామర్శకు వచ్చినవాళ్లతో బొరియ నిండిపోయింది.

“మా వాడికి మొదటిసారే వచ్చేసింది. నీకెందుకు రాలేదా అని మేమంతా భోజనాల దగ్గర అదే అనుకున్నాం,” అంది కాకి అత్తయ్య.

“పోనీలే అమ్మా, ఇది రాకపోతే మనుషుల డాక్టరైనా చదువుకో. అది తేలిగ్గానే వస్తుందట,” అంది గొర్రె పిన్ని.

అమ్మమ్మ మూల కూర్చుని గొణుక్కుంది. “నేను బతికి దాని కొంప ముంచాను.”

లాంగ్ టర్మ్‌లో చేరి మళ్లీ రాయమన్నారు అందరూ. సరేనని సూదిమణి వాగొడ్డున కొంగ మాస్టారి కోచింగుకు వెళ్లింది. అక్కడ రెండు వందలమంది ఒకేసారి గుండెలు బాదుకుంటున్నారు. ముందు వరుసలో నక్కపిల్ల ఆ పూటకి మూడోసారి వాళ్ల అమ్మమ్మను చంపుతోంది.

కొంగ మాస్టారు ఒంటికాలి మీద నిలబడి, కళ్లు మూసుకుని అంతా విన్నారు. “మీ అమ్మమ్మ బతికుండటమే నీ సమస్య. కాగితం మీద చంపేద్దాం. ఏడుపు రాకపోతే కొండమిరపకాయ ఇస్తాం, రెప్ప కింద రాసుకో.”

“ఆవిడ నా వైద్యం వల్లే కదండీ బతికింది?”

“తప్పు చేశానని నువ్వే ఒప్పుకుంటున్నావు,” అన్నారు మాస్టారు.

సంగతి విని అమ్మమ్మ, “చంపెయ్యవే, నాదేం పోయింది?” అంది.

“చేత్తో బతికించినదాన్ని నోటితో చంపలేను,” అంది సూదిమణి.

రెండో ఏడూ టేకాకు వచ్చింది. తారీఖు తప్ప ఒక్క అక్షరం మారలేదు.

కొత్త బ్యాచ్ ప్రారంభోత్సవం నాడు, లోపల ఎలా ఉంటుందో ఒక్కసారి చూద్దామని సూదిమణి అమ్మమ్మతో వెళ్లి కంచె బయట నిలబడింది. సీట్లొచ్చిన పదిమందికీ అమ్మమ్మలు వచ్చారు. కిందటి నెల మందు లేక దిక్కులేని చావు చచ్చిన ఆ పదిమందీ తలనిండా పూలు పెట్టుకుని ముందు వరుసలో కూర్చున్నారు.

ఏనుగుగారు వాళ్లను చూసి పొంగిపోయారు. “చూశారా మన కళాశాల గొప్పదనం! పాఠం మొదలెట్టకముందే పోయినవాళ్లు లేచొచ్చారు!”

అడవి దద్దరిల్లేలా చప్పట్లు పడ్డాయి. ఆ ఊపులో వేదిక దిగుతూ ఏనుగుగారు తుమ్మముల్లు తొక్కి కూలబడ్డారు.

“పిల్లలూ, మీ విద్య చూపించండి!” అని అరిచింది మొసలి.

పదిమందీ చుట్టూ చేరి ఏడ్చారు. పది దొన్నెలూ నిండాయి. పాదం వాచిపోతోంది.

“ఏడుపు బాగానే ఉంది,” అని మూలిగారు ఏనుగుగారు. “ముల్లు తీసేవాళ్లెవరూ లేరా?”

“అది నాలుగో ఏడాది సిలబస్ సార్,” అంది నక్కపిల్ల, ఏడుపు ఆపకుండానే.

సూదిమణి కంచె కింద నుంచి దూరి వచ్చింది. తన ముల్లు ఒకటి పీకి, తుమ్మముల్లు తీసేసి, పసరు పిండి కట్టు కట్టింది. ఏనుగుగారు లేచి నిలబడ్డారు.

“ఇప్పుడైనా నా మనవరాలికి సీటివ్వు నాయనా,” అంది అమ్మమ్మ.

ఏనుగుగారి కళ్లు నిజంగానే చెమర్చాయి. ఆయన మొసలి వైపు చూశారు. మొసలి నిబంధనల పుస్తకం తిరగేసింది.

“ఈ కేసులో ఎవరైనా పోయారా?”

“లేదు, సార్ బతికారు,” అంది సూదిమణి.

“అయితే కుదరదు.”

ఏనుగుగారు సూదిమణి తల నిమరబోయి, ముళ్లు చూసి తొండం వెనక్కి తీసుకున్నారు. “నిబంధన నిబంధనేనమ్మా. ఇప్పుడు నేను గనక పోయుంటే నీకు సీటు ఖాయమయ్యేది.”

“ఆ మాట ముల్లు తియ్యకముందు చెప్పాల్సింది సార్,” అంది సూదిమణి. అమ్మమ్మ చెయ్యి పట్టుకుని ఇంటికి వెళ్లిపోయింది. మళ్లీ దరఖాస్తు పెట్టలేదు.

మర్నాడు బొరియ ముందు రోగులు వరుస కట్టారు. వరుస చివర పదిమంది కొత్త విద్యార్థులు, మిరపకాయకు వాచిన కళ్లతో. వాళ్ల వెనకాల, ఎవరి కంటా పడకూడదని కొమ్మ అడ్డం పెట్టుకుని, కట్టు మార్పించుకోవడానికి ప్రిన్సిపాల్ ఏనుగుగారు.

నీతి: వైద్యుడు కావాలంటే రోగిని బతికించాలి, వైద్యం సీటు కావాలంటే మాత్రం ఓపిక పట్టి పోనివ్వాలి.