నడక మిషన్ మీద మిరప వ్యాపారి

అరవై దాటిన ప్రతి వ్యాపారినీ చట్టం చేసి మరీ జిమ్‌లో చేర్పించాలి. ఇది నా గట్టి అభిప్రాయం. మాట వినని వాళ్లుంటే పోలీసులను పెట్టి చేర్పించినా తప్పు లేదు!

గాలివాటున చెబుతున్న మాట కాదిది. నలభై ఏళ్లుగా వినుకొండ చుట్టుపక్కల ఊళ్లలో ఎండుమిరప కొని గుంటూరు యార్డుకి తోలుతున్నవాణ్ణి. మొదట చేతిలో ఏముందో, చివరికి చేతికేం వచ్చిందో చూసుకోకుండా ఒక బేరం మంచిదని చెప్పడం నాకు చేతకాదు. కాబట్టి కార్తీకమాసంలో నేను జిమ్ మెట్లెక్కేనాటికి నా దగ్గరున్న సరుకు ముందే చెప్పేస్తాను.

పేరు చెంచురామయ్య. వయసు అరవై ఏడు. బరువు ఎనభై ఆరు కిలోలు. బెల్టుకి ఆఖరి బెజ్జం. మోకాళ్లు రెండు, అందులో నా మాట వినేది ఒక్కటే. ఒక బీపీ, ఒక షుగరు. వీటికి తోడు కిందటి సీజన్లో జరిగిన ఒక పరాభవం.

ఆ పరాభవం సంగతి దాచి లాభం లేదు. కిందటి మార్చిలో మిట్టమధ్యాహ్నం, మా పాత రైతు మీరావలి కల్లంలో కాటా వేయిస్తుండగా నాకు కళ్లు తిరిగాయి. కూలబడ్డాను. నేల మీద కూలబడినా బాగుండేది. సరిగ్గా ఎండుమిరప రాశి మీద కూలబడ్డాను. కట్టుకున్నది పల్చటి పంచె. మిగతాది మీరే ఊహించుకోండి, ఇది మర్యాదస్థులు చదివే పేపరు.

ఆ వారమే మా అబ్బాయి వీరబాబు తీర్పు చెప్పేశాడు.

"ఇంక నువ్వు కల్లాలకి రావద్దు నాన్నా. అన్నీ నేను చూసుకుంటా. నువ్వు బరువు డెబ్బై ఎనిమిదికి దించు, రెండంతస్తులు ఆయాసం లేకుండా ఎక్కు. అప్పుడు చూద్దాం."

బేరం నాకు తేటగానే అర్థమైంది. ఎనిమిది కిలోలు నేను పోగొట్టుకోవాలి, కల్లాల దారి నాకు తిరిగి రావాలి. వర్షాకాలం పోయిందాకా ఆలోచించి, కార్తీకంలో సరేనన్నాను. మిరప కల్లాలకి దిగేది ఫిబ్రవరిలో. చేతిలో మూడు నెలలున్నాయి. నలభై ఏళ్లలో ఇంతకంటే కష్టమైన గడువులు ఎన్ని చూడలేదు!

మా జిమ్ బస్టాండు దగ్గర పురుగుమందుల షాపు మీద, రెండో అంతస్తులో ఉంటుంది. కింద పురుగులు చావడానికి మందు అమ్ముతారు, పైన మనుషులు బతకడానికి ఇనుము ఎత్తిస్తారు. ఒకే మెట్ల మీద రెండు వ్యాపారాలు! లోపల ఏసీ, చెవులు పగిలే పాటలు, నాలుగు గోడలకీ అద్దాలు. ఏ పక్కకి తిరిగినా నేనే కనపడతాను. పదిమంది చెంచురామయ్యలు ఉంటారు గానీ బేరమాడేవాడు ఒక్కడూ ఉండడు. రక్తపోటు తగ్గక ఏం చేస్తుంది?

జిమ్ వల్ల నాకు కలిగిన మొదటి మేలు చెబుతాను, వినండి. నాకు బరువెత్తే హక్కు దొరికింది!

నవ్వకండి. మా ఇంట్లో నన్ను మంచినీళ్ల డబ్బా కూడా ముట్టుకోనివ్వరు. ఒకసారి పాతిక కిలోల బియ్యం బస్తా వరండాలోంచి వంటింట్లోకి తెద్దామని వంగాను. మా కోడలు శ్రీరమ్య కెవ్వున అరిచింది.

"మావయ్యగారూ! ఆ నడుమేమైనా అయితే మేమేం కావాలి? ఆయనొచ్చి నన్ను తిడతారు!"

సరేనని వదిలేసి జిమ్‌కి పోయాను. అక్కడ ట్రైనర్ జాన్ బాషా సరిగ్గా పాతిక కిలోల ఇనుము తెచ్చి నా చేతుల్లో పెట్టాడు. "ఎత్తండి బాబాయ్! మీవల్ల కాకపోతే ఎవరివల్ల అవుతుంది!" అన్నాడు. ఎత్తాను. దించాను. మళ్లీ ఎత్తాను. ఎక్కడిది అక్కడే పెట్టేశాను. ఎవరూ కెవ్వుమనలేదు, పైగా చప్పట్లు కొట్టారు.

మా ఆవిడ సుబ్బరావమ్మకి ఈ సూక్ష్మం బోధపడలేదు.

"ఏవండీ, ఆ ఎత్తేదేదో ఈ బస్తా ఎత్తి లోపల పడెయ్యరాదూ? పనైనా అవుతుంది" అంది.

పిచ్చిది! పనైతే అది వ్యాయామం ఎలా అవుతుంది? ఏ ప్రయోజనమూ లేకుండా ఎత్తితేనే ఆరోగ్యం. ప్రయోజనం ఉంటే చాకిరీ. చాకిరీ చేస్తే నడుం పోతుంది, వ్యాయామం చేస్తే నడుం బాగుపడుతుంది. ఇనుముకీ బియ్యానికీ ఉన్న తేడా ఇదే. ఈ సంగతి మార్టూరులో ఉండే మా వియ్యంకుడికి ముందే తెలుసు. ఆయన గ్రానైట్ వ్యాపారి. ఫ్యాక్టరీ నిండా రాళ్లు. వాటి జోలికి పోకుండా రోజూ కారేసుకుని వెళ్లి రబ్బరు తొడుగు వేసిన ఇనప బిళ్లలు ఎత్తి వస్తాడు. రాళ్లెత్తేవాళ్లు మాత్రం జిమ్‌కి రారు. పాపం, వాళ్లకి ఆరోగ్యం మీద శ్రద్ధ లేదు!

రెండో మేలు, నా గుణం కాస్త మారింది. దీని వెనక చిన్న కథ ఉంది.

కల్లంలో బస్తాలు లెక్కపెట్టేటప్పుడు మేం ఒకటి అనం. మొదటి దాన్ని "లాభం" అంటాం. లాభం, రెండు, మూడు... అలా పోతుంది లెక్క. నలభై ఏళ్ల అలవాటు జిమ్‌లో మాత్రం ఎక్కడికి పోతుంది? మొదటిరోజు ఇనుమెత్తి "లాభం!" అని గట్టిగా అన్నాను. పక్కన కండలు పెంచుతున్న కుర్రాళ్లు ఉలిక్కిపడ్డారు. పన్నెండు దాకా పోయి దించేశాను.

"ఇంకొకటి ఉంది బాబాయ్" అన్నాడు జాన్ బాషా.

"పన్నెండయ్యాయిగా?"

"పదకొండే. మొదటిసారి మీరేదో దేవుణ్ణి తలుచుకున్నారు. నేను రెండో దానికాడ్నుంచి లెక్కపెట్టా."

"అది దేవుడు కాదురా, లెక్క! లాభం అంటే ఒకటి."

"ఒకటంటే ఒకటనాలిగా బాబాయ్? ఎత్తండెత్తండి."

ఎత్తాను. రోజూ ఎత్తాను. రైతు దగ్గర తూకంలో బస్తాకి ఇంతని తరుగు కోసుకుని బతికినవాణ్ణి. ప్రతి పన్నెండుకీ ఒకటి చొప్పున నా దగ్గర తరుగు తీసినవాడు ఈ జాన్ బాషా ఒక్కడే. తరుగు ఇచ్చేవాడికి నడుం ఎక్కడ నొప్పి పెడుతుందో అరవై ఏడో ఏట తెలిసింది. ఇంతటి జ్ఞానం ఏ పుణ్యక్షేత్రంలో దొరుకుతుంది చెప్పండి?

ఇక మూడో మేలు, అన్నిటికంటే పెద్దది. నా మీద ఇంట్లో శ్రద్ధ పెరిగింది. శ్రీరమ్య నా చేతికి ఒక వాచీ కట్టింది. టైము చూసుకోవడానికి కాదు. నేనెన్ని అడుగులు వేశానో, గుండె ఎన్నిసార్లు కొట్టుకుందో, ఎక్కడున్నానో అన్నీ అది వీరబాబు ఫోనుకీ తన ఫోనుకీ చెబుతుంది. ఒకరోజు స్నానానికి తీసి గట్టు మీద పెట్టాను. రెండు నిమిషాల్లో వీరబాబు యార్డు నుంచి ఫోను.

"అమ్మా! నాన్న గుండె కొట్టుకోవట్లేదు! చూడు, చూడు!"

సుబ్బరావమ్మ బాత్రూం తలుపు బాదింది. సబ్బు నురగతో బయటికొచ్చి బతికే ఉన్నానని చూపించుకోవాల్సి వచ్చింది. ఇంతమంది ఇంత ఆదుర్దాగా నా గురించి కనుక్కుని ఎన్నేళ్లయింది!

ఇలా మేలు మీద మేలు జరుగుతూ ఫిబ్రవరి వచ్చింది. రోజూ నాలుగు కిలోమీటర్లు ట్రెడ్‌మిల్ మీద నడిచాను. రాత్రి అన్నం మానేశాను. ఆవకాయ వాసన చూసి జాడీ మూత పెట్టేశాను. ఒక మంగళవారం ఉదయం కాటా ఎక్కితే ముల్లు డెబ్బై ఎనిమిది దగ్గర ఆగింది. రెండంతస్తుల మెట్లు ఈల వేసుకుంటూ ఎక్కాను. దిగి మళ్లీ ఎక్కాను. ఆ సాయంత్రం తెల్లచొక్కా వేసుకుని వీరబాబు ఎదుట నిలబడ్డాను.

"ఎనిమిది కిలోలూ ఇచ్చేశాను. రేపట్నుంచి కల్లాలకి వస్తున్నా."

వాడి మొహం వెలిగిపోయింది. "సూపర్ నాన్నా!" అని నన్ను కావలించుకున్నాడు. తర్వాత అన్నాడు, "ఇంత కష్టపడి తెచ్చుకున్న ఆరోగ్యం. ఆ ఎండలో, ఆ ఘాటులో తిరిగి పాడుచేసుకుంటావా? వద్దు. జిమ్‌కి ఇంకో ఏడాదికి కట్టేశా. అయినా ఇప్పుడు కల్లాలకి ఎవరు పోతున్నారు? రైతులు ఫోటోలు పంపుతారు, నేను ధర పెడతా, లారీ పోతుంది. అయిపోయె."

గమనించారా? ఓపిక లేనప్పుడు, ఓపిక లేదు కాబట్టి వద్దు. ఓపిక వచ్చాక, వచ్చిన ఓపిక పోతుంది కాబట్టి వద్దు! మనిషి ఎంత తూగితే కల్లానికి పనికొస్తాడో చెప్పే కాటా ఇంకా ఎవరూ తయారు చేసినట్టు లేదు.

వీరబాబు చెడ్డవాడు కాదు. పది ఊళ్ల రైతులు వాణ్ణి చిన్నబాబూ అంటారు. లారీలు, రాశుల మీద కప్పే పట్టాలు, డబ్బు పంపే ఫోను నంబరు, అన్నీ వాడి చేతిలో చక్కగా నడుస్తున్నాయి. ఆ చక్కటి నడకలో నా కాలు పెట్టే చోటు లేదు, అంతే.

ఈలోగా జిమ్ వాళ్లు బస్టాండు ముందు నా ఫ్లెక్సీ కట్టారు. నిలువెత్తు నేను, రెండు చేతుల్లో రెండు ఇనప గుండ్లు. కింద పెద్ద అక్షరాలతో "అరవై ఏడేళ్ల నవయువకుడు" అని రాశారు. ఊళ్లో వాళ్లు ఆగి చూశారు. చూసినవాళ్లలో మీరావలి ఉన్నాడు.

మర్నాడు నేను ట్రెడ్‌మిల్ మీద మూడో కిలోమీటరులో ఉండగా, తలకి తువ్వాలు చుట్టుకుని, చేతిలో సంచితో జిమ్‌లోకి వచ్చేశాడు మీరావలి. మెట్లెక్కినందుకు రొప్పుతున్నాడు.

"ఏం రామయ్యన్నా! నువ్వు మంచంలో ఉన్నావనుకుని నీకోసం దువా చేస్తన్నా మూణ్ణెల్ల నుంచి! ఇక్కడ కుర్రాళ్లతో గంతులేస్తన్నావా?"

"మంచమేంటి? ఎవరు చెప్పారు?"

"మీవోడే. నాన్న రాలేడు బాబాయ్, ఒంట్లో బాగోలేదన్నాడు. ఊరంతా నమ్మాం."

సంచి విప్పాడు. "ఇది చూడు. నీలం పట్టా నీడలో ఫోటో తీసి పంపా, ఎరుపు నల్లగా పడింది. మీవోడు రంగు లేదన్నాడు, రెండో రకం ధర చెప్పాడు. అరవై బస్తాలన్నా! పిల్ల పెళ్లి రంజాన్ తర్వాత. నువ్వు చెప్పు, ఇది రెండో రకమా?"

ఒక కాయ తీసుకుని చెవి దగ్గర ఊపాను. పాటల హోరులో ఏమీ వినపడలేదు. "ఆ రేడియో కట్టెయ్యరా!" అని అరిచాను. జాన్ బాషా కట్టేశాడు. మళ్లీ ఊపాను. గింజలు గలగలమన్నాయి. చెమ్మ లేదు. తుంచి వాసన చూశాను. ఏసీ గదిలో ఘాటు ఒక్కసారిగా కమ్మేసింది. ఛాతీలు విరుచుకుని తిరిగే పాతికేళ్ల వీరులంతా దగ్గుతూ మెట్ల వైపు పరిగెత్తారు. నాకూ మీరావలికీ తుమ్ము కూడా రాలేదు.

"మొదటి రకం. ఈ సంవత్సరం నేను చూసిన మొదటి కాయ, మొదటి రకం కాయ" అన్నాను.

"మరి పద. సాయంత్రానికి ఈపూరు వ్యాపారి లారీ పెడతానన్నాడు. నువ్వొచ్చి చెయ్యి వేసి ధర ఖాయం చేస్తే ఆపేస్తా. నాలుగు కిలోమీటర్లేగా మా కల్లం!"

మిషన్ మీద నడుస్తూనే వీరబాబుకి ఫోను చేశాను.

"మీరావలి కాయ మొదటి రకం. నేను పోయి ధర మాట్లాడి..."

"నాన్నా! వర్కవుట్ చేసేటప్పుడు ఫోను మాట్లాడకూడదు. నీ పల్స్ నూట ముప్పై దాటింది, నాకిక్కడ కనపడతంది. ముందు స్లో చెయ్. కాయ సంగతి నేను చూసుకుంటాలే."

పెట్టేశాడు. నా గుండె ఎంత వేగంగా కొట్టుకుంటోందో వాడికి కచ్చితంగా తెలుసు. ఎందుకో అడగలేదు.

నడిచి పోవచ్చుగా అని మీరు అడుగుతారు. పోవచ్చు, కాళ్లలో బలం బోలెడుంది. కానీ ధర చెప్పి నిలబెట్టుకునే మాట లేకుండా కల్లంలో నిలబడితే నేను వ్యాపారిని కాను, ఎండలో నిలబడ్డ ముసలాణ్ణి. నలభై ఏళ్లుగా నా నోటిమాట మీద కాయ ఎత్తినవాడి ముందు అలా నిలబడలేను.

"ఈపూరు వాడికే ఇచ్చెయ్ మీరావలీ. మొదటి రకానికి తక్కువైతే కాటా వేయించబాక" అన్నాను.

అతను కాసేపు నా కాళ్ల వంకే చూశాడు. ఆగకుండా కదులుతున్నాయి. తువ్వాలు బిగించుకుని మెట్లు దిగిపోయాడు.

ఇదీ బేరం. ఇక వచ్చింది చెబుతాను. బరువు ఎనిమిది కిలోలు తగ్గింది. బెల్టు నాలుగు బెజ్జాలు లోపలికి వచ్చింది. షుగరు అదుపులో ఉంది, బీపీ బుద్ధిగా ఉంది. మోకాళ్లు రెండూ మాట వింటున్నాయి. డాక్టరుగారు ఇంకో ఇరవై ఏళ్లకి ఢోకా లేదన్నారు.

ఈ మూడు నెలల్లో మొత్తం మూడు వందల అరవై కిలోమీటర్లు నడిచాను. ఒక్క ఊరూ రాలేదు.