లూచీకి అన్నప్రాశన

పార్వో వైరస్ అంతటి మహోపకారి ఈ భూప్రపంచంలో లేదు! కుక్కపిల్లల పాలిట యముడని దాన్ని ఆడిపోసుకునేవాళ్లు ఒక్కసారి కలకత్తాలోని మా వీధికి రావాలి.

మాది చిన్న వీధే కానీ దుర్గాపూజ కమిటీలు రెండు. ఎవరి పందిరి పెద్దదన్న తగువుతో పదకొండేళ్లుగా మాటల్లేవు. పెళ్లిళ్లు వాళ్లను కలపలేదు, చావులూ కలపలేదు. పక్కింటి పదేళ్ల టుంపా పెంచుకుంటున్న కుక్కపిల్ల లూచీకి వాంతులు, నెత్తుటి విరేచనాలు పట్టుకున్నాయో లేదో, రెండు కమిటీలూ టుంపా వాళ్ల వరండాలో ఒకే బల్ల మీద కూర్చుని టీ తాగాయి! ఏ నాయకుడు తేగలడు ఇంత ఐకమత్యం?

పైగా ఎంతమంది డాక్టర్లు బయటపడ్డారని! బట్టలకొట్టు నీలరతన్ బాబు జేబులోంచి హోమియో సీసా తీశాడు.

"నాలుగు గుళికలు చాలు. మా మరదలు వీటితోనే లేచి కూర్చుంది."

"మీ మరదలికీ కుక్కపిల్లకీ ఒకటే మందా?" అంది వీధందరికీ పిన్ని వరసైన బేలా మాసి. "పొట్ట చెడితే పచ్చి అరటికాయ పులుసే పట్టాలి. మా అత్తగారు అదే తిని తొంభై ఏళ్లు బతికింది, నా ఖర్మ!"

గుళికలూ పడ్డాయి, పులుసూ పడింది. రెండో రోజుకి లూచీ తల ఎత్తలేకపోయింది. అప్పుడు పశువుల ఆసుపత్రికి పరుగెత్తాం.

"టీకా ఎందుకు వేయించలేదు?" అన్నాడు డాక్టరు.

ఎంత మాట! వేయించేవాళ్లమే! కానీ అన్నం ముట్టని పసిదానికి అప్పుడే సూదేమిటని వీధి పెద్ద ఒకాయన అడ్డుపడ్డాడు. ముందు అన్నప్రాశన కానివ్వమన్నాడు. పంచాంగంలో మంచిరోజు మూడు వారాల తర్వాత దొరికింది. లూచీకి బెండు కిరీటం పెట్టి, పాయసం నాకించి, అరవై మందిమి ఒడిలోంచి ఒడిలోకి మార్చుకుని ముద్దాడాం. ఊరంతా తిరిగొచ్చిన అరవై జతల చెప్పులు గుమ్మంలోనే విడిచాం. వాటి మధ్యే పాకింది పిచ్చి ముండ. ఈ వైరస్ చెప్పులకంటుకునే ఇంటికొస్తుందట.

ఆ పెద్దమనిషిని నేనే.

సెలైన్ ఎక్కించడం మొదలుపెట్టి ఇవాళ్టికి మూడో రోజు. లూచీ ఇంకా కళ్లు తెరవలేదు. నాకు భయంగా ఉంది. ఆసుపత్రి బల్ల పక్కన నుంచుని టుంపా నన్ను అడిగింది:

"దాదూ, మీ మనవడికి టీకా కూడా అన్నప్రాశన అయ్యాకే వేయించావా?"

లేదు తల్లీ. వాడు పుట్టిననాడే వేయించాను. ఆ రోజు అమావాస్య.