గోడగారు పట్టిన దొంగ

ఆ రోజు ఉదయం గోడగారి పథకం చాలా చిన్నది. మధ్యాహ్నం దాకా ఎవరితోనూ మాట్లాడకుండా తెర ముందు కూర్చోవాలి. సమావేశంలో మేనేజరమ్మ అడిగినప్పుడు "అంతా ప్రశాంతంగా ఉందండీ" అనాలి. అంతకు మించి ఒక్క మాట కూడా ఆయన సిద్ధం చేసుకోలేదు.

"ఇవాళైనా నోరు తెరిచి మీ పని గొప్పేమిటో నాలుగు ముక్కలు చెప్పండి," అంది భార్య, టిఫిన్ డబ్బా చేతికిస్తూ.

"చూద్దాం."

"ఆ చూద్దామే వద్దంటున్నా."

ఆయన పని, కంపెనీ కంప్యూటర్లకూ బయటి లోకానికీ మధ్య నిలబడే ఫైర్‌వాల్‌ను కాపలా కాయడం. అందుకే ఆఫీసులో అందరూ గోడగారు అంటారు. అసలు పేరు జీతం ఇచ్చే క్యాషియరమ్మకు తప్ప ఎవరికీ గుర్తులేదు. బొమ్మలూ బొత్తాలూ ఉన్న తెరలు ఆయనకు గిట్టవు. నల్లటి తెర మీద కమాండ్ కొట్టి ఎంటర్ నొక్కితేనే ఆయనకు పని చేసినట్టుంటుంది.

ఇప్పుడు ఆ పనికే ఎసరు వచ్చింది. బయటి కంపెనీ ఒకటి మేనేజరమ్మను పట్టుకుంది. గోడ సంగతి మేం చూసుకుంటాం, మీ మనిషిని ప్రింటర్లకు పెట్టుకోండి అంది. ఆ కంపెనీ మనిషి ఆ మధ్యాహ్నం సమావేశానికి వస్తున్నాడు. అతని మాట నెగ్గితే, ఇన్నేళ్లూ గోడ కాచిన మనిషి రేపటి నుంచి ప్రింటర్లలో ఇరుక్కున్న కాగితాలు లాగుతూ బతకాలి.

గోడగారి గది వెనకవైపు ఉంది. దాని కప్పు కారుతుంటే క్రితం సాయంత్రమే కంప్యూటరు మోసుకొచ్చి, లెక్కల విభాగం వరుస చివర కిటికీ పక్కన ఖాళీగా ఉన్న బల్ల మీద పెట్టుకున్నారు. అక్కడ వేలాడుతున్న తీగకే తగిలించుకున్నారు. వెలుతురు బాగుంది. అంతకు మించి ఆలోచించలేదు.

మామూలుగా గోడ, తాను వెళ్లగొట్టినవాళ్ల వివరాలు మాత్రమే రాసిపెడుతుంది. ఆ పూట నాలుగు ముక్కలు చెప్పడానికి పనికొస్తుందని ఆయన ఇంకో నియమం చేర్చారు. లోపలివాళ్లలో ఎవరు గోడ దగ్గరికి వచ్చి తలుపు తట్టినా రాయి అన్నారు. రాసింది రాసినట్టు తన తెర మీద చూపించమన్నారు. ఎంటర్ కొట్టారు.

ఒక వరుస వచ్చింది. తర్వాత రెండు. తర్వాత పుట్ట కదిపితే చీమలు వచ్చినట్టు వచ్చాయి.

లోపలి ప్రతి కంప్యూటరుకూ ఒక నంబరుంటుంది. అది చూస్తే ఏ విభాగానిదో తెలుస్తుంది. వస్తున్న వరుసలన్నీ ఒకే నంబరువి. ఆ నంబరు లెక్కల విభాగానిది. ఎవరో ఊపిరి తీసుకోకుండా గోడను తడుతున్నారు. గోడగారు గడ్డం గీక్కున్నారు. ఇంత ఓపిక గల దొంగను ఆయన ఎన్నడూ చూడలేదు.

లేచారు. కుర్చీ దిగితే నల్ల తెర మూసెయ్యడం ఆయనకు అలవాటు. మంచినీళ్లకు వెళ్లినా మూస్తారు. ఆ నియమం ఆఫీసు మొత్తానికి ఆయనే పెట్టారు. పాటించేది కూడా ఆయనొక్కరే.

నేరుగా వెళ్లి లెక్కల పెద్దాయన వెనక నిలబడ్డారు. పెద్దాయన చేతులు రెండూ కీబోర్డు మీది నుంచి జారి ఒళ్లో పడ్డాయి.

"ఏమన్నా కావాలా నాయనా?"

"ఏం లేదండీ."

"మరి నా నెత్తిన నిలబడ్డావేం?"

"ఊరికే."

ఊరికే కాసేపు నిలబడి, వెనక్కి వచ్చి తెర తెరిచారు. తాను పెద్దాయన వెనక ఉన్నంతసేపూ రాతల్లో ఒక్క వరుస లేదు. తాను కూర్చున్నాక మళ్లీ జోరు. నా నీడ పడగానే ఆపాడు, నేను కదలగానే మొదలెట్టాడు అనుకున్నారు. ఆయనకు బాధ వేసింది. పెద్దాయన మంచివాడు.

న్యాయం కోసం క్యాషియరమ్మను కూడా పరీక్షించారు. ఆమె వెనక నిలబడగానే తెర మీద ఉన్నదేదో చటుక్కున మూసేసింది. తిరిగొచ్చి చూస్తే అంతే, తాను ఆమె దగ్గరున్నంతసేపూ రాతలు లేవు. అంటే ఇద్దరూ కలిసే చేస్తున్నారన్నమాట.

మేనేజరమ్మ గదికి వెళ్లి చెప్పారు.

"దొంగ లోపలివాడే మేడమ్. లెక్కల విభాగం నంబరు."

"ఏం చేస్తున్నాడు?"

"తడుతున్నాడు."

"ఎవరు?"

"చూస్తున్నా."

మేనేజరమ్మ తన తెరను కొంచెం అటు తిప్పుకున్నారు. గోడగారు బల్ల దగ్గరికొచ్చి రాతలు చూశారు. తాను మేనేజరమ్మ గదిలో ఉన్నంతసేపు కూడా ఒక్క వరుస లేదు. చాలాసేపు కిటికీలోంచి బయటికి చూశారు. ఇక ఫిర్యాదు చేసుకోవడానికి ఆఫీసులో మనిషి మిగల్లేదు.

గోడగారు కుర్చీ దిగడమే ఆఫీసులో ఒక వార్త. మూడుసార్లు దిగారంటే లోకం తలకిందులైందని అందరికీ అర్థమైంది. మంచినీళ్ల దగ్గర పెద్దాయన ఆయన్ని పట్టుకుని గొంతు తగ్గించాడు.

"నేనే నాయనా."

"మీరేనా?"

"చదరంగం. ఎవరో ఊరూ పేరూ తెలియని మనిషితో ఎండాకాలం నుంచి ఒకే ఆట నడుస్తోంది. ఇప్పుడు వాడి మంత్రి నా గుప్పిట్లో ఉంది. ఇవాళ్టికి వదిలెయ్. రేపు నువ్వే ఉరి తీద్దువుగాని."

క్యాషియరమ్మ మెట్ల దగ్గర కలిసింది. "అన్నయ్యగారూ, మీరు చూసేశారని తెలుసు. వేరే ఉద్యోగానికి దరఖాస్తు పెట్టాను. మా లెక్కల బాబాయిగారికి చెప్పకండి, ఆయన రోజంతా సలహాలిస్తారు."

తర్వాత మేనేజరమ్మ ఫోను. "మీరు ఎంతవరకు చూశారు?"

"అన్నీ చూశానండీ," అన్నారు గోడగారు, రాతల సంగతి చెబుతూ.

"ఆఫీసులో ఇంటిపని తప్పే. మా అత్తగారి గదికి పరదాలు. ఆవిడకు ఏ రంగూ నచ్చడం లేదు. నేనేం చెయ్యను?"

చదరంగం ఆడేవాడు గోడను దాటిపోతాడు గాని తట్టడు. పరదాలూ తట్టవు. గొర్రెను దాచినవాడే కోడిని ఒప్పుకుంటాడు అనుకున్నారు గోడగారు.

"సమావేశంలోపు ఆ నంబరును ఆపెయ్యండి," అన్నారు మేనేజరమ్మ. "ఎవరిదైతే వాళ్లదే ఆగుతుంది." ఆ చివరి మాట అంటున్నప్పుడు ఆవిడ గొంతు సన్నబడింది.

ముగ్గురూ వచ్చి ఆయన వెనక నిలబడ్డారు. ఈ నంబరు నుంచి ఏది వచ్చినా పారెయ్ అని గోడకు చెప్పే కమాండును ఆయన టైపు చేశారు. ఒకసారి చదివి సరిచూసుకున్నారు. ఎంటర్ కొట్టారు.

తెర నిలిచిపోయింది. చివరి వరుస సగంలో ఆగింది. ఏ మీట నొక్కినా ఉలుకూ పలుకూ లేదు.

పెద్దాయన వెళ్లి తన బల్ల చూసుకున్నాడు. "నాది నడుస్తోందమ్మా," అన్నాడు, తేలిగ్గా ఊపిరి వదిలి.

"నాదీ," అంది క్యాషియరమ్మ.

"నాదీ నడుస్తోంది," అన్నారు మేనేజరమ్మ గదిలోంచి. "మరి ఎవరిది ఆగింది?"

"నాది," అన్నారు గోడగారు. "వాడు నన్నే తిరిగి కొట్టాడు."

"ఇప్పుడేం చేద్దాం?"

"బయటి లైను లాగేద్దాం. ఏదీ దాటిపోదు."

లాగేశారు. పై ఆఫీసుతో వీడియోలో మాట్లాడుతున్న అమ్మకాల విభాగం, నోళ్లు తెరిచిన పెద్దల బొమ్మల ముందు అలాగే కూర్చుండిపోయింది. "సరిగ్గా నేను ఎత్తు వేసే వేళకే," అన్నాడు పెద్దాయన, ఎవరినీ నిందించకుండా. పని లేక జనం గదుల్లోంచి బయటికి వచ్చారు. దొంగ పడ్డాడట అన్నారు మొదటి అంతస్తులో. లోపలే ఉన్నాడట అన్నారు మెట్ల మీద. ఆ మాట కిందికి దిగేసరికి దొంగకు నీలం చొక్కా, చేతిలో సంచీ వచ్చాయి. వాచ్‌మన్ గేటుకు తాళం వేశాడు. అప్పుడే గేటు దాటి లోపలికి వచ్చిన నీలం చొక్కా మనిషిని సంచీతో సహా తన స్టూలు మీద కూర్చోబెట్టి, కర్ర అడ్డం పెట్టాడు.

"నేను సమావేశానికి వచ్చానయ్యా," అన్నాడా మనిషి.

"అందరూ దానికే వస్తారు," అన్నాడు వాచ్‌మన్.

గోడగారు ఒక్కరే వెనక గదిలోకి వెళ్లారు. అక్కడ ఫైర్‌వాల్ పెట్టె ఉంది. దాని పక్కన, కప్పు నుంచి కారే నీళ్లు పడే బకెట్టు ఉంది. పెట్టెకు నేరుగా తెర, కీబోర్డు తగిలించారు. ఎవరిని ఆపుతున్నావో చూపించు అన్నారు.

ఒకే నంబరు. ఇంకా ఓపిగ్గా తడుతూనే ఉంది.

ఆ యంత్రం పేరేమిటి అని అడిగారు.

గోడ చెప్పింది. అది తన కంప్యూటరుకు ఆయనే పెట్టుకున్న పేరు.

బకెట్టులో ఒక చుక్క పడింది. ఇంకోటి పడేదాకా ఆయన కదల్లేదు.

కొత్త బల్ల, లెక్కల విభాగం తీగ, దాంతో వచ్చిన లెక్కల విభాగం నంబరు. రాసిన ప్రతి వరుసనూ గోడ ఆయన తెరకు పంపుతుంది. అందిందని ఆయన కంప్యూటరు గోడకు చెబుతుంది. అలా చెప్పడం కూడా తలుపు తట్టడమే. గోడ దాన్ని రాస్తుంది, రాసింది మళ్లీ పంపుతుంది. ఆయన తెర మూసి లేస్తే ఎవరూ తట్టరు. నూతిలోకి తొంగి కేకేసి, లోపలెవడో ఎదురు మాట్లాడుతున్నాడని పొద్దున్నుంచీ పోట్లాడారు.

నియమాలు రెండూ తీసేశారు. లైను తగిలించారు. సమావేశం గదికి నడుస్తుంటే ఒక ఆలోచన వచ్చింది. దొంగను ఆపేశానని చెబితే అబద్ధం కాదు, ఉద్యోగమూ ఉంటుంది. కాని పెద్దాయనా క్యాషియరమ్మా చచ్చేదాకా ఒకళ్లనొకళ్లు దొంగచూపులు చూసుకుంటారు.

"దొరికాడా?" అన్నారు మేనేజరమ్మ.

"దొరికాడండీ."

"ఎవరు?"

"నేనే."

నూతి సంగతి చెప్పారు. ఆయన జీవితంలో అంత పెద్ద ప్రసంగం చెయ్యడం అదే మొదలు. అందరూ చివరిదాకా విన్నారు.

"అంటే," అంది క్యాషియరమ్మ నెమ్మదిగా, "మావి మీకేం తెలియవు?"

"తెలియవమ్మా. మీరు చెప్పాకే తెలిసింది."

"చంకలో బిడ్డను పెట్టుకుని..." అని పెద్దాయన మొదలుపెట్టాడు.

"సామెత ఎందుకులెండి," అన్నారు గోడగారు.

మేనేజరమ్మ బయటి కంపెనీ కాగితాలు ముందుకు లాక్కున్నారు. ఇక ప్రింటర్లే అని గోడగారు మనసు గట్టిచేసుకున్నారు.

"వీళ్లయితే ఏం చూస్తారు?" అని ఆవిడ ఆయన్నే అడిగారు.

"అన్నీ చూస్తారండీ. ఎవరు ఎక్కడికి వెళ్లారు, ఎంతసేపున్నారు. నెలనెలా పై ఆఫీసుకు కూడా పంపుతారు. రంగు రంగుల పటాలతో."

చదరంగం, దరఖాస్తు, పరదాలు బల్ల చుట్టూ ఒకసారి తిరిగివచ్చాయి.

"బయటివాడొస్తే మనల్ని చూస్తాడమ్మా," అన్నాడు పెద్దాయన గొంతు సవరించుకుని. "ఈయన పొద్దున్నుంచీ రెప్ప వెయ్యకుండా చూసి, తనను తాను చూసుకున్నాడు."

"బాబాయిగారన్నది నిజం," అంది క్యాషియరమ్మ.

మేనేజరమ్మ కాగితాలు మడిచి పక్కన పెట్టారు. గోడ బాధ్యత ఉన్నవాళ్ల దగ్గరే ఉంటుందన్నారు. గేటు దగ్గరున్న మనిషికి క్షమాపణ చెప్పి, మంచినీళ్లిచ్చి పంపమన్నారు.

అలా గోడగారి ఉద్యోగం నిలిచింది. ఆయన సామర్థ్యం గురించి మాత్రం ఆ సమావేశంలో ఎవరూ ఒక్క మాట కూడా అనలేదు.