ముందస్తు బాధితుల సంఘం

సముద్రం చూడాలంటే రైల్లో ఒక రాత్రంతా కూర్చోవాల్సిన ఆ ఊరికి తుఫాను రాబోతోందన్న వార్తను ప్రజలు అపారమైన హర్షంతో స్వీకరించారని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. హర్షానికి కారణం లేకపోలేదు. ఆ ఊరికి ఇంతవరకూ ఏదీ రాలేదు. పక్క ఊరికి ఒకప్పుడు భూకంపం వచ్చింది. వచ్చింది అంటే, అల్మరాల్లో గిన్నెలు గలగలమన్నాయి, ఒకరింట్లో గోడగడియారం ఆగిపోయింది. అప్పటినుంచి పక్క ఊరివాళ్లకు కళ్లు నెత్తికెక్కాయి. బస్సులో కిటికీ పక్క సీటు తమ జన్మహక్కన్నట్టు కూర్చుని, "మాకు భూకంపం వచ్చినప్పుడు..." అని మొదలుపెడతారు. ఈ ఊరివాళ్లు తలలు దించుకుని తమ చెప్పులు చూసుకుంటూ ప్రయాణం చేసేవాళ్లు.

ఈ అవమానం అందరికంటే ఎక్కువగా పళ్ల డాక్టరు మనసుకు తగిలింది. ఆయన ఊరికి పెద్ద మేధావి. ఆయన అభిప్రాయానికి ఎదురు చెప్పినవాడు ఊళ్లో ఇంతవరకూ పుట్టలేదు. కుర్చీ వెనక్కి వాల్చి, దవడలో దూది కుక్కి, చిన్న అద్దం లోపలికి పెట్టాకే ఆయన లోకం పోకడ గురించి మాట్లాడటం మొదలుపెడతాడు. చివర్లో "ఏమంటారు?" అని మర్యాదగా అడుగుతాడు. రోగి "ఆ..." అంటాడు. ఆ స్థితిలో ఇంకో మాట అనడం ఎవరి తరమూ కాదు. ఏళ్ల తరబడి ఊరంతా ఇలా ఏకగ్రీవంగా "ఆ" అంటూ వచ్చింది గనుక, తాను చెప్పేదంతా నిజమేనని ఆయనకు గట్టి నమ్మకం కుదిరిపోయింది.

తుఫానును కనిపెట్టింది కూడా ఆయనే. టీవీలో వాతావరణ పటం చూపిస్తూ, సముద్రం మధ్యలో ఒక సుడి, ఆ సుడిలోంచి బయల్దేరిన ఒక ఎర్ర బాణం గీశారు. బాణం తీరాన్ని దాటి, కొండల మీదుగా వచ్చి, సరిగ్గా ఈ ఊరి నెత్తిన ఆగింది. తీరం దాటగానే తుఫాను నీరసపడిపోతుందని కూడా టీవీలో చెప్పారు. కానీ అప్పటికే డాక్టరు ఆనందం పట్టలేక భార్యను పిలవడానికి టీవీ గొంతు నొక్కేశాడు.

మర్నాడు ఆ పటాన్ని అచ్చు తీయించి, దవడల ఎక్స్‌రేలు చూసే దీపపు పెట్టెకు తగిలించాడు. నోటి అద్దం కాడతో చూపిస్తూ కుర్చీలో ఉన్నవాళ్లందరికీ వివరించాడు. "తోక ఎక్కడుందో చూడకండి, మొన ఎక్కడుందో చూడండి. ఉత్తరం వేసిన ఊరికి వస్తుందా, చిరునామా రాసిన ఊరికి వస్తుందా? తీరంవాళ్ల మీదుగా ఊరికే దాటిపోతుంది. దిగేది మన దగ్గరే. ఏమంటారు?" ఊరు "ఆ" అంది.

వెంటనే ఆయన అధ్యక్షతన తుఫాను సన్నద్ధతా సంఘం ఏర్పడింది. ఆపద వచ్చాక బాధితుల్ని గుర్తించడం ప్రపంచమంతటా ఉన్న పాత పద్ధతి. అందులో ఆలస్యం ఎక్కువ, మొహమాటాలు ఎక్కువ. అందుకని బాధితుల్ని ముందే గుర్తించి, చొక్కాకు గుచ్చుకోవడానికి పసుపు పట్టీలు ఇవ్వాలని సంఘం తీర్మానించింది. పట్టీ ఉన్నవారికే బడి హాల్లో ఆశ్రయం, పట్టీ ఉన్నవారికే సహాయ సామగ్రి. పట్టీల కోసం సిఫార్సులు మొదలయ్యాయి. బ్యాంకు మేనేజరు తన మామగారికి పట్టీ ఇవ్వలేదని మూతి ముడుచుకుని సంఘానికి రాజీనామా చేశాడు. మామగారికి పట్టీ దొరికాక రాజీనామా వెనక్కి తీసుకున్నాడు.

సన్నాహాలు చూడటానికి రెండు కళ్లూ చాలలేదు. కిటికీ అద్దాలకు అడ్డంగా టేపు అంటించమన్నారు. ఆడవాళ్లు పరదాల రంగుకు నప్పే టేపు కోసం కొట్లన్నీ గాలించారు. మోటారు మెకానిక్కు పార్కు కొలనులోంచి హంస ఆకారంలో ఉన్న తొక్కుడు పడవను అద్దెకు తెచ్చి, గేటుకు గొలుసుతో కట్టాడు. ఏనాడూ పలకరించని ఇరుగుపొరుగువాళ్లు ఆ సాయంత్రం నుంచీ మెకానిక్కు ఇంటికి వచ్చి పిల్లల చదువులు అడిగి వెళ్లసాగారు. ఈత కొలను మరమ్మతులో ఉంది గనుక, డ్రిల్లు మాస్టరు ఊరి పెద్దల్ని బెంచీల మీద బోర్లా పడుకోబెట్టి ఈత నేర్పాడు. అందరూ మొదటి రోజే ఉత్తీర్ణులయ్యారు.

ఆ హడావుడిలోనే డాక్టరు చెల్లెలు ఫోన్ చేసింది. ఆమెది సముద్రం ఒడ్డున రేకుల ఇల్లు. రేవులో పనిచేసేవాళ్లకు బట్టలు కుడుతుంది. భర్తది అక్కడే ఐసు ఫ్యాక్టరీలో ఉద్యోగం.

"అన్నయ్యా, ఇక్కడ గాలి మొదలైంది. ఇల్లు ఆగేలా లేదు. ఆయన ఫ్యాక్టరీ వదిలి రాలేరు. పిల్లల్నీ అత్తగారినీ తీసుకుని రెండ్రోజులు మీ ఇంటికి వచ్చేదా?"

డాక్టరుకు చెల్లెలంటే ప్రాణం. అందులో ఎవరికీ అనుమానం అక్కర్లేదు.

"పిచ్చి తల్లీ, వచ్చేది మా మీదికే. నిన్ను నా చేతులతో తెచ్చి దాని నోట్లో పెట్టమంటావా? నువ్వక్కడే చల్లగా ఉండు."

అవతల గాలి మోత పెరిగింది. తర్వాత చెల్లెలు, తనకు ఈ సంగతి తెలియదనీ, జాగ్రత్తగా ఉండమనీ, వదినను కిటికీల దగ్గర నిలబడనివ్వద్దనీ చెప్పి పెట్టేసింది.

డాక్టరు భార్య గుమ్మంలో నిలబడి అంతా వింది. "ఏమండీ, ఆ పిల్ల సముద్రం పక్కన ఉంది. రమ్మనండి. పై గది నేను ఖాళీ చేస్తాను."

పై గదిలో మనిషన్నవాడు కాలు పెట్టే సందు లేదు. రొట్టెలు, కొవ్వొత్తులు, బ్యాటరీలు, నీళ్ల డబ్బాలు నేల నుంచి కప్పు దాకా పేర్చి ఉన్నాయి. డాక్టరు ఇంటి గోడకు అంటించిన ఇంకో పటంలోని బాణం వైపు చూపించాడు. ఆమె బాణం వైపు చూడలేదు, ఆయన వైపే చూసింది. ఇంట్లో మాట్లాడేవాళ్ల నోట్లో దూది ఉండదు గనుక ఆయన భార్యతో ఎప్పుడూ వాదన పెట్టుకోడు. సంఘం పని ఉందని బయటికి వెళ్లిపోయాడు.

సంఘం పనంటే తుఫాను రిహార్సలు. ఫంక్షన్ హాలు నుంచి తెచ్చిన పెద్ద ఫ్యాను గాలి కొట్టింది, ఫైరింజను నీళ్లు కొట్టింది, జనం నవ్వుకుంటూ కొట్టుకుపోయారు. బీమా ఏజెంటు జారిపడి మడమ బెణికించుకుని, ఊరి చరిత్రలో మొదటి బాధితుడిగా నమోదయ్యాడు. ఆయన్ను భుజాల మీద ఊరేగించారు. మర్నాటి నుంచి చాలామంది నున్నటి చోట్లు వెతుక్కుని నడవసాగారు. రిహార్సలుకు ట్యాంకులో నీళ్లన్నీ అయిపోవడంతో ఇళ్లలో కుళాయిలు ఎండిపోయాయి. ఊరు తుఫాను తాకిడికి గురైందనడానికి అదే తొలి సూచనని అధ్యక్షుడు ప్రకటించాడు.

అనుకున్న మధ్యాహ్నం రానే వచ్చింది. టీవీవాళ్లు రావచ్చునని జనం ఉన్నవాటిలో మంచి బట్టలు కట్టుకుని, పట్టీలు గుచ్చుకుని బడి హాల్లో కళ్లు కాయలు కాచేలా ఎదురుచూశారు. డాక్టరు మైకు అందుకుని, ఈ ఊరు ఇక ఎవరి ముందూ తలదించుకోదని ప్రసంగించాడు. ఆ మాటకు బలమన్నట్టు ఒక గాలి తెర వచ్చి బల్ల మీది కాగితం కప్పును కిందపడేసింది. హాలంతా లేచి చప్పట్లు కొట్టింది. తర్వాత నాలుగు చినుకులు పడ్డాయి. ఆ తర్వాత ఎండ కాసింది.

అదే సమయానికి హాలు మూలనున్న టీవీలో సముద్రపు ఒడ్డు చూపించారు. రేకులు కాగితాల్లా ఎగిరిపోతున్నాయి. డాక్టరు మైకు పక్కన పెట్టి చెల్లెలికి ఫోన్ చేశాడు. మోగలేదు. మళ్లీ చేశాడు. చుట్టూ ఊరివాళ్లు తమకు జరిగిన అన్యాయం గురించి గొంతు చించుకుంటున్నారు. ఆయన మాత్రం ఆ సాయంత్రమూ మర్నాడూ కాలుగాలిన పిల్లిలా గదుల్లో తిరుగుతూ అదే నంబరు నొక్కుతూనే ఉన్నాడు. భార్య నాలుగు మాటలు అంటే బాగుండునని ఆయనకు అనిపించింది.

ఆ మర్నాటి ఉదయం తీరం నుంచి ఒక లారీ వచ్చింది. దాని ముందు "తుఫానులో నష్టపోయిన సోదరులకు" అని గుడ్డ కట్టి ఉంది. లోపల దుప్పట్లు, రొట్టెలు, పాలపొడి డబ్బాలు. డ్రైవరు పక్క సీట్లోంచి డాక్టరు చెల్లెలు దిగింది. వెనకే పిల్లలు, అత్తగారు. జుట్టు ఉప్పుకి అట్టలు కట్టి, ఒంటి మీద తడిసి ఆరిన బట్టలతో ఆమె పరుగున వచ్చి అన్న భుజాలు తడిమి చూసింది.

"దెబ్బలేం తగల్లేదుగా అన్నయ్యా? ఎంత చేసినా ఫోన్ కలవలేదు. మీ ఊరు కొట్టుకుపోయిందేమోనని నేను ఏడుస్తుంటే, మేమున్న సహాయ శిబిరంలో అందరూ తలా కొంచెం తీసి ఇచ్చారు. మీకైతే ఇవన్నీ అలవాటు లేవు కదా."

"ఇల్లెలా ఉందమ్మా?"

"గోడలున్నాయి. కప్పు పోయింది. ఆయన క్షేమమే." ఆమె అప్పుడు వీధి వైపు చూసింది. పొడి రోడ్డు, అద్దాలకు పరదా రంగు టేపులు, గేటుకు కట్టేసిన హంస. చాలాసేపు చూసింది. "ఇంతకీ మీ మీదికి ఎటునుంచి వచ్చిందన్నయ్యా?"

సంఘం సభ్యులంతా అధ్యక్షుడి నోటి వైపు చూశారు. డాక్టరు నోరు తెరిచాడు. రాలేదని చెబుదామనుకున్నాడు. ఆ ఒక్క ముక్క చెబితే చాలు, లారీ వెనక్కి పోయేది. నాలుక కదల్లేదు. లోపలెవరో దూది కుక్కినట్టయింది.

"ఆ..." అన్నాడు.

అధ్యక్షుడి అనుమతి లభించిందని సభ్యులు లారీ ఎక్కారు. పంపిణీ ఆదర్శప్రాయంగా జరిగింది. పట్టీ ఉన్న ప్రతి ఇంటికీ దుప్పటి అందింది. మడమ బెణికినాయనకు రెండు అందాయి. చెల్లెలి అత్తగారు చలికి వణుకుతూ వరుసలో నిలబడితే, పట్టీ లేదు గనుక నిబంధనలు అనుమతించవని కార్యదర్శి ఆమెకు చేతులు జోడించి మరీ చెప్పాడు. ఆ నిబంధన రాసింది డాక్టరే. ఆయన భార్య మాత్రం వాదనకు రాలేదు. ఆడబిడ్డ చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకెళ్లి, పై గదిలోని కొవ్వొత్తుల పెట్టెల్ని ఒక్కొక్కటే కిటికీలోంచి వీధిలోకి విసరడం మొదలుపెట్టింది. తుఫాను వల్ల ఆ ఊళ్లో వీధిన పడిన సామాను అదొక్కటే.

ఇప్పుడు పక్క ఊరివాళ్లు బస్సులో లేచి సీటు ఇస్తున్నారు. సంఘం మాత్రం తీరంవాళ్లకు ఒక ఫిర్యాదు పంపింది. దుప్పట్లు తడిగా ఉన్నాయనీ, ఉప్పు వాసన వేస్తున్నాయనీ, ఈసారి పంపేటప్పుడు కాస్త ఆరబెట్టి పంపాలనీ కోరింది. అందులో తప్పేమీ లేదని మా అభిప్రాయం. పాఠకులారా, అలా వెనక్కి వాలి, నోరు కొంచెం పెద్దగా తెరవండి. ఏమంటారు?