లూర్దు మేరీ లక్ష్య పత్రం

"వచ్చే సోమవారం నుంచి మన డివిజన్లో లక్ష్యం లేని ఉద్యోగి ఒక్కరు కూడా ఉండకూడదు" అని గట్ల పరిరక్షణ శాఖ డిప్యూటీ డైరెక్టర్ దేవీప్రసాద్ గారు ప్రకటించారు. 2003 ఆగస్టు అది. ముందురోజే ఆయన హైదరాబాదులో మూడు రోజుల శిక్షణ ముగించుకుని, ఒక సంచీతో, ఒక పెన్నుతో, కొత్త చూపుతో అనకాపల్లి స్టేషన్లో దిగారు.

అప్పటికి కోటవురట్ల వైపు రెండు చెరువుల గట్లు తెగి ఉన్నాయి. ఇంజనీరు ఆ సంగతి ఎత్తబోతే, "ముందు మనిషి గట్టిపడాలి. గట్టు తర్వాత" అన్నారు. ఇంత లోతైన మాట ఆ ఆఫీసు గోడలు అంతకుముందు విని ఎరగవు.

ఆ మాటను సర్క్యులరులో టైపు చేసింది లూర్దు మేరీ. ఆమె పదకొండేళ్లుగా టెంపరరీ టైపిస్టు. ఆరు నెలలకోసారి ఆమె ఉద్యోగం అయిపోతుంది, ఒక రోజు ఆగి మళ్లీ మొదలవుతుంది. ఆ ఒక్క రోజూ ఆమె ఇంట్లో కూర్చుని, మళ్లీ పిలుస్తారా లేదా అని గుమ్మం వైపు చూస్తూ ఉంటుంది.

అందరికీ లక్ష్య పత్రాలు పంచారు. మొదటి ప్రశ్న: అయిదేళ్ల తర్వాత మీరు ఎక్కడ ఉంటారు?

"ఎక్కడుంటానండి, గొలుగొండలో మా ఇంటికాడుంటాను. వచ్చే యేడు రిటైరు కదండి" అన్నాడు అటెండరు త్రినాధరావు.

"అది లక్ష్యం కాదయ్యా, తేదీ" అన్నారు దేవీప్రసాద్ గారు.

సీనియర్ అసిస్టెంటు వెంకటరమణ 'సూపరింటెండెంటు కావడం' అని రాశాడు. సూపరింటెండెంటు ఎలియాజరు ఆ కాగితం పట్టుకుని వచ్చాడు.

"నేనుండగానే నా కుర్చీ నీకు లక్ష్యమా బావా?"

"ఇప్పుడే కాదు బావా. అయిదేళ్లు టైమిచ్చేను కదా."

ఆ రోజు నుంచి ఇద్దరికీ మాటల్లేవు. ఇద్దరి మధ్య నడవాల్సిన ఫైళ్లూ నడవలేదు. ఒకరి లక్ష్యం మరొకరి కుర్చీని తాకరాదని దేవీప్రసాద్ గారు రెండో సర్క్యులరు ఇచ్చి సమస్యను మూలంతో సహా పరిష్కరించారు.

లూర్దు మేరీ ఒకే మాట రాసింది: 'పర్మనెంటు అవడం.'

"చూడమ్మా, లక్ష్యమనేది మన చేతిలో ఉండాలి. ఇది గవర్నమెంటు చేతిలో ఉంది. మార్చు" అన్నారు దేవీప్రసాద్ గారు.

ఆమె ఆలోచించి 'రోజూ టైముకి రావడం' అని రాసింది.

"అది రోజూ చేస్తున్నదే కదమ్మా?"

"అవునండి. నా సేతిలో ఉన్నదదొక్కటేనండి."

అప్పుడాయన ఆమెను కూర్చోబెట్టి, కెరీర్ పది కాలాలు నిలవాలంటే నైపుణ్యం పెంచుకోవాలని ముప్పావు గంట చెప్పారు. ఆ గదిలో ఆమెను కూర్చోమనడం అదే మొదలు. ఆ మర్యాదకే ఆమె సగం నమ్మింది. 'కంప్యూటరు నేర్చుకోవడం' అని రాసి, రోజూ తెల్లవారుజామున లేచి వంట చేసి, ఇంటరు చదివే కూతురు షైనీ కంటే ముందే పుస్తకాల సంచీ భుజాన వేసుకుని క్లాసుకి వెళ్లేది. ఏడు నెలల్లో మంచి మార్కులతో సర్టిఫికెట్టు తెచ్చుకుంది.

కమిషనరు తనిఖీకి వచ్చినప్పుడు తెర మీద రంగు రంగుల బొమ్మలతో లక్ష్యాలన్నీ చూపించారు. ఆ బొమ్మలన్నీ ఆఫీసుకి కొత్తగా వచ్చిన కంప్యూటరులో లూర్దు మేరీ చేసినవే. తెగిన గట్లు రెండూ 'అవకాశాలు' అనే శీర్షిక కింద చాలా అందంగా వచ్చాయి. కమిషనరు ఎంతగానో మెచ్చుకున్నారు. నెల తిరిగేసరికి రాష్ట్ర లక్ష్యాల విభాగానికి అధిపతిగా దేవీప్రసాద్ గారికి ప్రమోషన్ మీద హైదరాబాదు బదిలీ వచ్చింది.

అదే కవరులో ఇంకో కాగితం కూడా వచ్చింది. ఆయన తన కాగితం తీసుకుని, దాన్ని ఎలియాజరు బల్లకి పంపేశారు. లక్ష్య పత్రం ప్రకారం లూర్దు మేరీకి టైపిస్టు పోస్టుకి మించిన అర్హత వచ్చింది కనుక ఆ పోస్టులో కొనసాగించడానికి వీల్లేదు. కంప్యూటరు ఆపరేటరు పోస్టు ఈ ఆఫీసులో లేదు కనుక ఆమెను వెంటనే రిలీవ్ చేయాలి.

ఎలియాజరు ఆ ఆర్డరు డ్రాఫ్టు తెచ్చి, ఆమె మొహం చూడలేక కిటికీ వైపు తిరిగాడు.

"మూడు కాపీలమ్మా. నీకు సెప్పడానికి నోరు రాటం లేదు."

"సదివేను లెండి" అంది ఆమె.

ఒక్క అక్షరం కూడా తప్పు పోకుండా కొట్టింది. ఎందుకు తప్పు పోలేదా అని తన వేళ్ల మీద తనకే కోపం వచ్చింది. మిగతా కాగితాలతో కలిపి సంతకాల ఫైల్లో పెట్టి లోపలికి పంపింది. దేవీప్రసాద్ గారు ఫోన్లో అభినందనలు అందుకుంటూ అన్నిటి మీదా సంతకాలు పెట్టేశారు.

సాయంత్రం ఆయనే పిలిచారు.

"అమ్మా, కొత్త పోస్టులో చేరాలంటే నా లక్ష్య పత్రం కూడా కావాలట. కాస్త కొట్టిపెట్టు."

ఆమె కంప్యూటరు ముందు కూర్చుంది. "లక్ష్యం దగ్గర ఏటి రాయమంటారండి?"

ఆయన ఫ్యాను వైపు చూశారు. తర్వాత క్యాలెండరు వైపు చూశారు.

"ఆ గడి ఇప్పటికి ఖాళీగా వదిలెయ్యమ్మా. నా లక్ష్యం ఏమిటో హైదరాబాదు ఫోన్ చేసి కనుక్కుంటాను. రేపు పొద్దున్నే వచ్చి కొట్టేద్దువు గాని."

"రేపు నేను రానండి."

"అదేంటి? ఎందుకు రావు?"

"మధ్యాన్నం మీరే సంతకం పెట్టేరు కదండి" అని, సంచీ తీసుకుని లేచింది.

దేవీప్రసాద్ గారు సంతకాల ఫైలు తెప్పించి తిరగేశారు. సంతకం ఆయనదే. అప్పుడు కళ్లజోడు పెట్టుకుని, పైన ఏం రాసుందో చదవడం మొదలుపెట్టారు.